రిజిస్టరులో ఎక్కని అర్జీలు

మా ట్రస్టులో పాత పత్రాల విభాగానికి అధిపతి అనే ఉద్యోగం ఈ ఏడాదే పుట్టింది. అంతకుముందు ఆ విభాగమంటే నేనే. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాను. ప్రతి ఏప్రిల్‌లో ఒక కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది. ఉద్యోగానికి ప్రకటన వచ్చిన రోజు నోటీసు బోర్డు ముందు నిలబడి దాన్ని రెండుసార్లు చదివాను. కావలసిన అర్హతలని రాసిన ప్రతి పనీ నేను రోజూ చేస్తున్నదే. అయినా సంతోషం కలగలేదు. అదే వారం మా చైర్మన్ గారి వియ్యంకుడి తమ్ముడి కొడుకు ఆఫీసుకు వచ్చి, "సుమ్నే చూసి పోదామని వచ్చినాను" అంటూ అన్ని గదులూ తిరిగాడు. నా గదిలో మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగి, మధ్యాహ్నం ఎండ ఎటు నుంచి వస్తుందని అడిగాడు. ఊరికే చూసి పోయేవాళ్ళు ఎండ సంగతి అడగరు.

మా ఆఫీసు బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక భవనం రెండో అంతస్తులో ఉంది. కింద ఏదో యాప్ తయారుచేసేవాళ్ళు, పైన యోగా క్లాసు, మధ్యలో మేం. ట్రస్టు పెట్టిన పెద్దాయన తన కాలంలో విదేశంలో ఒక వేలంపాటలో రెండు పెట్టెల ఉత్తరాలు కొన్నారు. రెండు వందల ఏళ్ళు దాటిన ఉత్తరాలు, ఈస్టిండియా కుంపిణీ నాటివి. చెన్నపట్నం కోటలో కౌన్సిలు సభ్యుడిగా ఉన్న ఒక దొరకు వచ్చినవీ, ఆయన రాసుకున్న చిత్తుప్రతులూ. పెద్దాయన పోయాక ట్రస్టు అల్లుడి చేతికి వచ్చింది. ఆయనే మా చైర్మన్. అనంతపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఒక ప్రొఫెసరును డైరెక్టరుగా తెచ్చారు. ఆయన్ని మేమంతా సార్ అనే పిలుస్తాం. నా పని ఆ ఉత్తరాల చేతిరాత చదివి, ఉన్నదున్నట్టు టైపు చేసి, తెలుగులోకి తేవడం.

ఆ దొర పేరు ఇక్కడ రాయను. సార్ ఆయన మీద చాలానే రాశారు. నేను చెప్పదలచుకున్నది ఆయన దగ్గరికి వచ్చిన ఉత్తరాల సంగతి. పది ఉత్తరాల్లో ఎనిమిది ఏదో ఒకటి అడిగేవే. కుంపిణీ కొలువులో గుమాస్తాగా చేరాలన్నా లండనులో ఒక డైరెక్టరు దయ ఉండాలి. ఆ దయ సంపాదించడానికి అక్కడొక మేనమామో, మేనమామకు ఋణపడిన పార్లమెంటు సభ్యుడో ఉండాలి. ఓడ దిగిన మనిషి రేకు పెట్టెలో సిఫారసు ఉత్తరాలు పట్టుకుని కోటలో గుమ్మం గుమ్మం తిరగాలి. మంచి రేవులో పెద్ద పదవి రావాలంటే ఇంకొక ఉత్తరం, ఆ పదవిలో ఉన్నవాణ్ణి కదిలించాలంటే మరొకటి. మా దొర కిందివాళ్ళకు ఇచ్చేవాడు, పైవాళ్ళను అడిగేవాడు. ఆయన చూపంతా గవర్నరు కుర్చీ మీద ఉండేది. ఒకే రోజు రాసిన రెండు చిత్తుప్రతులు నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. కోటలో ఒక కింది గుమాస్తాకు రాసినదాంట్లో అక్షరాలు పెద్దవిగా, విచ్చలవిడిగా ఉన్నాయి. లండను పెద్దమనిషికి రాసినదాంట్లో అదే చెయ్యి సగానికి సగం కుదించుకుపోయి, కాగితం చుట్టూ ఖాళీ వదిలి, ఎంతో ఒద్దికగా నడిచింది.

మచిలీపట్నం గుమాస్తా ఒకడు తొమ్మిదేళ్ళలో దొరకు ముప్ఫైనాలుగు ఉత్తరాలు రాశాడు. తనకన్నా వెనక వచ్చినవాళ్ళు మూడుసార్లు తనని దాటి పైకి పోయారు. ఒక్కొక్కరి వెనక ఏ మేనమామ ఉన్నాడో పేరుపేరునా రాశాడు. మొదటి ఉత్తరంలో వినయంగా అడిగాడు. పదో ఉత్తరానికి నిష్ఠూరం మొదలైంది. ఇరవయ్యో ఉత్తరానికి, చేసిన సేవ మరిచిన కృతఘ్నుడని దొరని అన్నాడు. ఒక్కదానికీ జవాబు లేదు. వాటిని టైపు చేస్తూ చేస్తూ నేను అతని పక్షం అయిపోయాను. నాకు మేనమామలు లేరని కాదు. ఒకాయన కె.ఆర్.పురంలో సైకిళ్ళు బాగుచేసేవాడు.

నేనూ అర్జీలు పెట్టుకున్నాను. నా ఉద్యోగం పర్మినెంటు చేయమని నాలుగో ఏట ఒకటి, ఏడో ఏట ఒకటి. చైర్మన్ గారిని ఉద్దేశించి రాసి, పద్ధతి ప్రకారం సార్ చేతికి ఇచ్చాను. రెండుసార్లూ ఆయన, "పైకి పంపుతానమ్మా, నేను చూసుకుంటాను" అన్నారు. రెండుసార్లూ జవాబు రాలేదు. రిమైండర్లు రాస్తే, "అడిగాను, చూద్దామన్నారు" అనేవారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

తొమ్మిదో ఏట ఆ ఉత్తరాల మొదటి సంపుటం పుస్తకంగా వచ్చింది. ముఖపత్రం మీద సంపాదకుడు, అనువాదకుడు అని సార్ పేరు. నా పేరు ముందుమాట చివర్లో, ఫొటోలు తీసిన స్టూడియో వాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాక వచ్చింది. ఆవిష్కరణ సభలో ఎవరైనా మాట్లాడవచ్చు అన్నారు. నేను లేచి, "ఇందులో మూడు వందల పది పేజీలు చదివింది, తెలుగు చేసింది నేను. ముందుమాట పద్నాలుగు పేజీలు సార్‌వి. ఈ సంగతి పుస్తకంలో లేదు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను" అన్నాను. సగం మందికి అర్థం కాక చప్పట్లు కొట్టారు. అర్థమైనవాళ్ళు సార్ వైపు చూశారు. ఆయన శాలువా సర్దుకుంటూ ఉండిపోయారు. మర్నాటి నుంచి నన్ను అమ్మా అనడం మానేసి మేడమ్ అనడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అదే.

ఈ ఏడాది ఉద్యోగ ప్రకటన వచ్చాక మూడో అర్జీ రాసి ఆయనకే ఇచ్చాను. ఆయన తీసుకుని, చదవకుండానే ఫైలులో పెట్టుకుని, "సరే మేడమ్" అన్నారు. బోర్డు సమావేశం మూడు వారాల్లో, గురువారం.

ఆ మూడు వారాల్లోనే వెనకవైపులు చదవడం మొదలైంది.

ఆ ఉత్తరాల వీపున, మడత పడిన చోట, సన్నగా ఏదో తెలుగులో రాసి ఉంటుంది. చెయ్యి ఎత్తకుండా ఒకదాని నుంచి ఇంకొకదానికి అక్షరాలు పెనవేసుకుపోయే గొలుసుకట్టు రాత. పూర్వం కరణాలు రాసేవాళ్ళు అలా. నాకు అక్కడక్కడ ఒక అంకె, ఒక ఊరి పేరు తప్ప తెలియదు. సార్ వాటిని లెక్కలోకే తీసుకోలేదు, దుబాసీ రాసుకున్న గుర్తులు అంతే అన్నారు. దొరకూ బయటి జనానికీ మధ్య ఉండే దుబాసీ, ఏ ఉత్తరం ఎవరు తెచ్చారో రాసుకుంటాడు కదా అని. నేను మాత్రం చందాపురలో ఒక ముసలాయన ఉన్నాడని తెలిసి వెతుక్కుంటూ పోయాను. మదనపల్లె రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసి బతికినాయన. తండ్రి కరణం. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాడు. కూతురూ అల్లుడూ ఫ్యాక్టరీలకు పోతారు. ఆదివారం ఉదయాలు ఆయన మంచం మీద ప్రింట్లు పరుచుకుని కూర్చునేవాళ్ళం. భూతద్దం ఒక కంటికి ఆనించుకుని, వేలితో గాలిలో ఆ గీతనే తిరిగి రాసుకుంటూ చదివేవాడు.

బోర్డుకు నాలుగు రోజులుందనగా మచిలీపట్నం గుమాస్తా ఉత్తరాల ప్రింట్లు తీసుకుపోయాను. మొదటిదాని వెనకవైపు చాలాసేపు చూశాడు.

"ఏందమ్మా, ఈ గుమాస్తా దొర గుర్రమెక్కి వచ్చినాడా?"

"తెలీదు. ఏముంది?"

"ఈన నన్ను గుర్రం పట్టుకోమన్నాడు, అని రాసుండాడు దుబాసీ. దాని కిందనే ఇంకొక మాట." వేలు గాలిలో తిప్పాడు. "చూపలేదు."

"ఏం చూపలేదు?"

"ఉత్తరం. దొరకు జూపలా. ఆపి పెట్టుకున్యాడు."

రెండో ఉత్తరం ఇచ్చాను. చూపలేదు. మూడోది, నాలుగోది. పదో ఉత్తరం దాకా ఆయన భూతద్దం వాడాడు, ఆ తర్వాత అవసరం లేకపోయింది. ముప్ఫైనాలుగింటి వెనకా అదే మాట.

నా ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు ఒక మనిషి గోడకు మొరపెట్టుకున్నాడు. కృతఘ్నుడని తిట్టించుకున్న దొరకు ఆ తిట్టు సంగతే తెలియదు. గుమ్మం దగ్గర కూర్చున్నవాడు కాగితాలన్నీ తన పెట్టెలో పెట్టుకుని రోజూ దొరకు దండం పెట్టి ఇంటికి పోయాడు. ఆ కట్ట దొర కాగితాల్లో కలిసింది ఆ తర్వాతెప్పుడో అయి ఉండాలి.

"ఎంత అన్యాయం" అన్నాను.

"ఏం అన్యాయం లే" అన్నాడు ముసలాయన. "నాలుగు భాషలు వచ్చినోడు, ఇంత పెద్ద తలపాగా చుట్టుకున్నోడు. వాణ్ణి పట్టుకొని గుర్రం పట్టుకోరా అంటే మండదా? ఒకసారి మర్యాదగా అడిగింటే సరిపోయుండు. దుబాసీగారూ అని ఒక మాట. అంతే పని."

"మీరు దుబాసీ వైపా?"

"నేను ముప్పై ఏండ్లు ఆఫీసు గుమ్మంలోనే కూచున్యానమ్మా. యా వైపుంటా?"

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. పైకి పంపుతాను అన్నారు. అడిగాను అన్నారు. ఎవరు చూశారు?

సోమవారం ఉదయం ఆఫీసులో అందరికన్నా ముందు చేరి అవుట్‌వర్డ్ రిజిస్టరు తీశాను. మా దగ్గర నుంచి ఏ కాగితం బయటకు పోయినా అందులో నంబరు పడుతుంది. కరెంటు ఆఫీసుకు రాసిన ఫిర్యాదు ఉంది. వాటర్ ఫిల్టరు వాళ్ళకు రాసిన ఉత్తరం ఉంది. నా మొదటి అర్జీ ఇచ్చిన ఏడాది మొత్తం చూశాను. రెండోది ఇచ్చిన ఏడాది చూశాను. ఈ మూడు వారాలు చూశాను. లేవు. మూడు అర్జీల్లో ఒక్కదానికీ నంబరు లేదు. రాత్రింబవళ్ళు పాత కాగితాల్లో బతికే మాలాంటివాళ్ళకు ఒక నమ్మకం పాతుకుపోతుంది, రిజిస్టరులో లేనిది జరగలేదని. సార్ నా అర్జీలు ఆపి పెట్టుకున్నారని నాకు ఇంకే సందేహం లేకపోయింది.

ఆయన్ని అడగవచ్చు. అడగలేదు. అడిగితే మూడో అర్జీ కూడా ఈ గురువారం దాటేదాకా ఆగిపోతుందనిపించింది. మంగళవారం సెలవు పెట్టి, తెల్లవారగానే రెండు బస్సులు మారి చైర్మన్ గారి ఇంటికి పోయాను.

ఆయన వరండాలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నారు. వాళ్ళదీ మాలాగే బెంగళూరులో మూడు తరాలుగా ఉన్న తెలుగు ఇల్లు.

"రామ్మా, కూర్చో. ఏం పొద్దున్నే వచ్చుండావు? ఆఫీసులో అంతా బాగుండాది కదా?"

"బాగలేదు సార్. నేను మీకు మూడు అర్జీలు పెట్టుకున్నాను. మీకు ఒకటీ చేరలేదని చెప్పేదానికి వచ్చినాను. డైరెక్టర్ గారు ఆపి పెట్టుకున్నారు."

గోరుతీసేది పక్కన పెట్టారు. "ఎవరు చెప్పిరి?"

"ఎవరూ చెప్పలేదు. రిజిస్టర్లో లేవు."

"రిజిస్టర్లోనా?" అని ఆయన నవ్వారు. నవ్వు ఆపుకుని లోపలికి కేకేశారు. "ఏమే, ఆ పచ్చ ఫైలు ఎత్తుకురా."

వాళ్ళావిడ ఫైలు తెచ్చి ఇచ్చింది. ఆయన పేజీలు తిప్పి నా వైపు తోశారు. నా మూడు అర్జీలూ అందులో ఉన్నాయి. నా చేతిరాత, నా సంతకం, మడతలు నలిగి, చదివిన గుర్తులతో.

"ఆయన చేత్తో తెచ్చి ఇస్తాడప్పా. ఈడనే, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, నేను చదివేదాకా లేవడు. వెనక తిప్పి చూడు."

తిప్పాను. మొదటి అర్జీ వెనక సార్ పెన్సిలుతో రాశారు: ఈమె లేకపోతే ఈ ఉత్తరాలు నాకు వట్టి కాగితాలు, పర్మినెంటు చేయాలని నా మనవి. రెండోదాని వెనక: మళ్ళీ అడుగుతున్నాను, నాకు ఇస్తామన్న కొత్త గది, సహాయకుడు వద్దు, ఈమెకు ఉద్యోగం ఇవ్వండి.

మూడోదాని వెనక ఏమీ లేదు.

కాసేపు నాకు తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఐదు నిమిషాల కిందట ఇదే వరండాలో ఆ మనిషిని నా నోటితో దొంగని చేశాను. మూడోదాని మీద ఎందుకు రాయలేదో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆవిష్కరణ సభలో నేను లేచి నిలబడ్డ తర్వాత రాసిన అర్జీ అది. అయినా తీసుకొచ్చి ఇచ్చారు. ఆ మాటకొస్తే ఆ సభలో నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. మూడు కాగితాలూ మళ్ళీ మొదటివైపుకు తిప్పాను.

"మరి ఎందుకు ఇవ్వలేదు సార్?" అన్నాను.

"ఇవ్వనిది నేను. ఆయనది ఏమీ లేదు." చైర్మన్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "నువ్వే చదువుకో నీ అర్జీ. మొదటి పేజీ అంతా మేం ఏం తప్పులు చేసినామో ఉండాది. రెండో పేజీ, నాలుగేండ్ల కిందట ఫ్యాను రిపేరు ఆలస్యమైంది, అప్పుడు ఎవరు ఏమనిరో ఉండాది. నువ్వు అడిగేది యాడుందని వెతుక్కోవాల. చివర్లో ఒక లైను. అదీ అడిగినట్లు ఉండదు, నోటీసు ఇచ్చినట్లు ఉండాది. చదివితే ఇవ్వాలనిపిస్తుందా, చెప్పు?"

"పని చూసి ఇవ్వాల కదా సార్."

"పని చూస్తానే ఉండాను. పని బాగుంది కాబట్టే పదకొండేండ్లు ఉండావు." ఆయన గొంతు తగ్గించారు. "మా వియ్యంకుడు దినానికి రెండుసార్లు ఫోన్ చేస్తాడు. ఆ పిల్లగాడు వచ్చి కాళ్ళకు మొక్కి, మీరు ఎట్ల చెప్తే అట్ల పెద్దనాయనా అని పోయినాడు. వానికి ఆ ఉత్తరాల్లో ఒక్క అక్షరం రాదు, నాకు తెలుసు. కానీ అడిగేదానికి వచ్చు వానికి. నీకు రాదు."

ఆయన టీపాయ్ కింద నుంచి ఒక తెల్లకాగితాల ప్యాడ్ తీసి నా ముందు పెట్టారు.

"ఒక్క పేజీ రాయి. ఎవర్నీ ఏమీ అనకుండా. నాకు ఇది కావాల, దయచేసి ఇవ్వండి, అంతే. బోర్డులో ఆ పేజీ చదువుతా. వియ్యంకునికి నేను చెప్పుకుంటా. ఎల్లుండికి ఉద్యోగం నీది."

ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆ సంగతి నాకు తెలుసు. అప్పుడు ఉద్యోగానికీ నాకూ మధ్య ఉన్నది ఒక్క పేజీ.

అలాంటి పేజీ రాయడం రాదని ఆయన అన్నారు కానీ, ఈ నగరంలో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఉంటారనుకోను. పదకొండేళ్ళుగా చదివింది అవే. ముందు ఇంటిల్లిపాదీ క్షేమం అడగాలి. ఆ తర్వాత పాత ఉపకారం ఒకటి గుర్తుచేసుకోవాలి, పెద్దది కాకూడదు. తాను ఆ దయకు తగనని ఒక వాక్యం. అడిగేది పేజీ మధ్యలో, రెండు వాక్యాలకు మించకుండా. చివర్లో తన కోసం కాక ఆ పని కోసమే అడుగుతున్నానని. పెన్ను తీసి రాశాను. పెద్దాయన ఆ పెట్టెలు తెచ్చిన కథ, ట్రస్టు నీడలో నేను నేర్చుకున్నది, చైర్మన్ గారి ఓపిక. ఒక్క కొట్టివేత లేకుండా పది నిమిషాల్లో పేజీ నిండింది. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. చెయ్యి కూడా చిన్నగా, ఒద్దికగా నడిచింది.

సంతకం పెట్టబోతూ ఆగిపోయాను. పేజీలో నిజంగా నాది అనదగ్గ వాక్యం ఒక్కటీ లేదు. ఎవరెవరో ఎప్పుడో ఎవరికో రాసిన మాటలు. సంతకానికి పైన రెండు వేళ్ళ జాగా మిగిలింది. అక్కడ రాశాను: మొదటి సంపుటం ముఖపత్రం మీద అనువాదకురాలిగా నా పేరు లేకపోవడం తప్పు, ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా అది తప్పే.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. సగం దాకా వచ్చేసరికి కళ్ళు చెమ్మగిల్లాయి. మామగారి మీద ఆయనకు నిజంగానే భక్తి. చివరికి వచ్చాక కళ్ళజోడు తీసి, కాగితాన్ని నెమ్మదిగా నా ముందే పెట్టారు.

"ఇంత బాగా రాసి, ఈ లైను ఎందుకమ్మా?"

"అది ఉండాల సార్."

"ఉంటే నేను బోర్డులో చదవలేను. ఆయన నా పక్కన కూర్చుంటాడు. ఆయన ముందర ఎట్ల చదవాల?" లేచి నిలబడ్డారు. "ఆ లైను వదిలేసి ఇంకో కాగితం మీద రాసిపెట్టు. స్నానం చేసి వస్తా."

వరండాలో నేనొక్కదాన్నే మిగిలాను. వాళ్ళావిడ కాఫీ తెచ్చి, నిలబడి కాగితం వైపు చూసింది.

"రాసిచ్చేయమ్మా. ఒక లైనే కదా. ఆయన బాత్రూములో నుంచి వస్తూనే మూడ్ మారిపోతాది, తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"నీ మొగుడు ఏమంటాడు?"

"ఆ లైను తీసేయమనే అంటాడు."

"మరి?"

తెల్లకాగితం తీసుకున్నాను. క్షేమం దాకా, ఉపకారం దాకా రాశాను. లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక లైను వదిలేయడమే, కొత్తగా రాయవలసింది కూడా లేదు. ఏ గుమాస్తాకైనా ఇంతకన్నా తేలికైన షరతు ఎవరూ పెట్టి ఉండరు. నీళ్ళ చప్పుడు ఆగింది. నేను పెన్ను మూత పెట్టి, రెండో కాగితం మడిచి సంచిలో వేసుకుని, మొదటిదాన్ని కాఫీ గ్లాసు కింద ఎగిరిపోకుండా పెట్టి, వాళ్ళావిడకు చెప్పి మెట్లు దిగాను. ఆమె వెనక నుంచి "ఓ అమ్మా!" అని ఒకసారి పిలిచింది.

గురువారం బోర్డు సమావేశం పన్నెండింటికి ముగిసింది. రెండింటికి సార్ నన్ను తన గదిలోకి పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి ఆ కుర్రవాడి నియామకపు నకలు. రెండోది నా కాంట్రాక్టు, ఈసారి ఏడాదికి కాదు, మూడేళ్ళకు.

"మూడేళ్ళు ఎవరు అడిగారు సార్?"

"బోర్డు ఇచ్చింది మేడమ్." తలెత్తలేదు. తర్వాత ఎత్తారు. "రిజిస్టర్ చూశారట."

"చూశాను."

"ఈ ఆఫీసులో ముఖ్యమైనది ఏదైనా రిజిస్టర్లో ఎక్కడం మీరు చూశారా? పదకొండేళ్ళలో?"

"మీరు ఒక్కసారి చెప్పి ఉండవచ్చు కదా. వెనక ఇలా రాశాను అని."

"సిఫారసు చేసి, చేశానని చెప్పుకుంటారా ఎవరైనా?"

ఇది నాకు కొత్త సంగతి. నేను చదివిన ఉత్తరాల్లో అందరూ చెప్పుకున్నారు. పైన యోగా క్లాసులో ఎవరో ఒంటికాలి మీద నుంచి పడ్డట్టు దబ్బున చప్పుడైంది.

"మిమ్మల్ని అనుమానించడం నా తప్పు సార్" అన్నాను. "చైర్మన్ గారి దగ్గర అనడం ఇంకా పెద్ద తప్పు. ముఖపత్రం మీద నా పేరు లేకపోవడం మీ తప్పు."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రెండూ కలిపే చెప్తారు మీరు. మొదటిది చెప్పి ఒక్క నిమిషం ఆగితే ఏం పోతుంది?"

"ఆగితే రెండోది చెప్పనివ్వరు సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పెన్ను నా వైపు జరిపారు. కాంట్రాక్టు మొత్తం చదివాను, ప్రతిసారీ చదువుతాను. సంతకం పెట్టాను. పెట్టకుండా లేచి రావాలని బస్సులో వచ్చేటప్పుడు గట్టిగా అనుకున్న మాట నిజం. కానీ రెండో పెట్టెలో ఇంకా నాలుగు వందల ఉత్తరాలు ఉన్నాయి. వాటి వెనకవైపులు ఎవరూ చదవలేదు. నేను పోతే చదవరు.

సోమవారం కొత్త అధిపతి గారి బల్ల వచ్చింది. టేకు బల్ల, కొలతలు తీసుకోకుండా చేయించినట్టుంది. ఇద్దరు మనుషులు మెట్ల మీదుగా మోసుకొచ్చి నా గది గుమ్మంలో ఇరుక్కున్నారు. నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు. గుమ్మం లోపల నా బల్ల అడ్డం ఉంది.

"మేడమ్, మీ టేబల్ స్వల్ప ఆ పక్క జరుపుకుంటే లోపలికి వస్తాది" అన్నాడు ఒకడు.

"అది పదకొండేళ్ళుగా అక్కడే ఉంది" అన్నాను.

కుర్రవాడు వాళ్ళ వెనక నిలబడి, "ప్లీజ్ మేడమ్" అన్నాడు. బాగానే అడిగాడు. నేను భూతద్దం కింద ఉన్న వాక్యం పూర్తయ్యేదాకా తలెత్తలేదు, ఆ తర్వాత ఇంకో వాక్యం మొదలుపెట్టాను. వాళ్ళు ముగ్గురూ ఏదో గుసగుసలాడుకున్నారు. ఒకడు కిందికి పోయి స్క్రూడ్రైవరు తెచ్చాడు. గంటసేపు తిప్పలు పడి తలుపు ఊడదీసి, గోడకు ఆనించి, బల్ల లోపలికి తెచ్చుకున్నారు.

తలుపు ఇంకా గోడకే ఆని ఉంది. బిగించమని నేను చెప్పలేదు.